రహమ్ లేనిది ఎవరికి?

ఉర్దూలో గర్భసంచిని రహిమ్ అంటారు. దయను రహమ్ అంటారు. పలకడంలో రవ్వంత తేడా ఉంది గానీ రాతలో లేదు. రే, హే, మీమ్. రెండింటికీ అవే మూడు అక్షరాలు. ప్రతి పనికీ ముందు మనం తలుచుకునే రహమాన్, రహీమ్ అన్న పేర్లు రెండూ ఆ మూడక్షరాల నుంచి వచ్చినవే. అంత మంచి మాట పెట్టుకుని కూడా మన ఇళ్లలో ఎవరూ దాన్ని వాడరు. బచ్చేదానీ అంటారు. పాన్‌దానీ, ఉగాల్‌దానీ, బచ్చేదానీ. తెలుగువాళ్లేం తక్కువ తినలేదు. వాళ్లకది పిల్లల సంచి. ఒక భాషలో డబ్బా, ఇంకో భాషలో సంచి. సరుకు పెట్టుకునే సామాను. అందులో సరుకు పడకపోతే ఉర్దూలో బాంజ్ అని, తెలుగులో గొడ్రాలని తిట్టడానికి రెండు భాషలూ తయారుగా ఉన్నాయి. ఈ రెండు భాషల్లోనూ రాసి బతుకుతున్నవాణ్ణి నేను. మిగతా విషయాల్లో ఎలా ఉన్నా ఈ ఒక్క విషయంలో నా రెండు భాషలూ ఒక తల్లి బిడ్డల్లాగే ఉన్నాయి.

మరి ఆ సంచే లేకుండా పుట్టిన ఆడపిల్ల సంగతేమిటి? ఆమె గురించి మాట్లాడటానికి ఏ భాషలోనూ మాట లేదు. ముస్లిం అస్తిత్వం గురించి ఇన్ని కవితలు రాశాం, ఇన్ని సభలు పెట్టాం, బాబ్రీ గురించి, బస్తీ గురించి, బురఖా గురించి, దూదేకుల గురించి, చివరికి బిర్యానీ గురించి కూడా మాట్లాడాం. ఈ పిల్ల మాత్రం మన అస్తిత్వంలో లేదు. ఉన్నట్టు ఒప్పుకుంటే అస్తిత్వం అని మనం దేన్ని అంటున్నామో అదే తిరగబడుతుంది గనుక లేదు.

దాదాపు ప్రతి 5 వేల మంది ఆడపిల్లల్లో ఒకరు గర్భసంచి లేకుండా, లేదా పేరుకు మాత్రం ఉండి పుడతారని వైద్యశాస్త్రం చెబుతోంది. దానికి మేయర్-రోకిటాన్‌స్కీ-కూస్టర్-హౌజర్ సిండ్రోమ్ అని పేరు. పొట్టిగా ఎంఆర్‌కెహెచ్. 1829లో మేయర్, 1838లో రోకిటాన్‌స్కీ, 1910లో కూస్టర్, 1961లో హౌజర్ దీని గురించి రాశారు. నలుగురు మగ డాక్టర్ల పేర్లు ఆ ఆడవాళ్ల ఒంటికి అతుక్కున్నాయి. ఆ ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

జరిగేది ఇది. తల్లి కడుపులో పిండం రూపు కట్టే తొలి వారాల్లో ముల్లేరియన్ నాళాలనే రెండు సన్నటి గొట్టాలు ఒకదానితో ఒకటి కలిసి గర్భసంచిగా, యోని పైభాగంగా తయారు కావాలి. కొందరిలో ఆ పని మధ్యలో ఆగిపోతుంది. గర్భసంచి ఏర్పడదు, లేదా మొగ్గంత ముక్కలుగా మిగిలిపోతుంది. యోని పైభాగం ఉండదు. మిగతాదంతా మామూలే. అండాశయాలు ఉంటాయి, పని చేస్తాయి. హార్మోన్లు మామూలే. క్రోమోజోములు ఏ ఆడదానికైనా ఉండే 46, ఎక్స్‌ఎక్స్. రొమ్ములు వస్తాయి, ఎత్తు పెరుగుతుంది, బయటికి ఏ తేడా కనబడదు. బహిష్టు మాత్రం రాదు. కొందరిలో ఒక కిడ్నీ లేకపోవడమో, కిందికి ఉండటమో, వెన్నెముకలో తేడానో కూడా ఉంటుంది. ఇంతే సంగతి. తల్లి గ్రహణంలో బయటికి వెళ్లడం వల్ల వచ్చింది కాదు, ఎవరి బద్దువా తగిలి వచ్చింది కాదు, పిల్ల చేసిన పాపం అసలే కాదు. ఎక్కువ కుటుంబాల్లో ఒక్కరికే వస్తుంది, ముందూ వెనకా ఎవరికీ ఉండదు.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 4 కోట్ల పైచిలుకు. 5 వేలకు ఒకరంటే 8 వేలు దాటుతారు. ముస్లిం జనాభా 80 లక్షలు, అందులో సగం ఆడవాళ్లు. అంటే మన ఇళ్లలో ఈ బిడ్డలు 800 మంది దాకా ఉండాలి. ఎక్కడున్నారు? ఎవరైనా ఒక్కరి పేరు చెప్పగలరా? చెప్పలేరు. పేరు బయటికి వస్తే ఆ ఇంట్లో మిగతా ఆడపిల్లలకు రిష్తాలు రావు.

మన ఇళ్లలో ఈ సంగతి మొదట బయటపడేది డాక్టరు దగ్గర కాదు, రంజాన్‌లో. ఇంట్లో ఆడవాళ్లంతా ఆ నెలలో తమ తమ రోజుల్లో రోజా వదిలేస్తారు, తర్వాత ఖజా చేసుకుంటారు. ఎవరు ఎన్ని వదిలారో వంటింట్లో అందరికీ తెలిసిన లెక్కే. ఒక పిల్ల మాత్రం 30 రోజాలూ వరసపెట్టి ఉంటుంది. మొదటి ఏడు మాషాఅల్లా అంటారు. రెండో ఏడు తల్లి మాట మారుస్తుంది. మూడో ఏడు ఫుప్పూ నోరు తెరుస్తుంది. ఆ తర్వాత పిల్ల తనే నేర్చుకుంటుంది. నెలకో నాలుగు రోజులు జానమాజ్ మడిచి పక్కన పెట్టడం, కడుపు నొప్పి అని మూలుగుతూ పడుకోవడం, రోజా ఉండి కూడా లేనట్టు సెహరీకి లేవకపోవడం. రోజులు వచ్చిన పిల్లలు దాచుకునేదాన్ని ఈ పిల్ల రాకుండానే వచ్చినట్టు నటిస్తుంది. పదిహేనేళ్ల పిల్లతో ఇంత పెద్ద అబద్ధం ఆడిస్తున్నది ఎవరు? అల్లానా, మనమా?

తెలుగులో ఆడపిల్లకు బహిష్టు వస్తే పెద్దమనిషి అయ్యిందంటారు. రాకపోతే ఏమైనట్టు? పెద్దదీ కాలేదు, మనిషీ కాలేదు. ఉర్దూలో సయానీ అయ్యిందంటారు. సయానీ అంటే తెలివిగలది. రక్తం కనబడితే తప్ప ఆడదానికి తెలివి రానట్టు! షరియత్ ఇంత మూర్ఖంగా లేదు. ఏ గుర్తూ కనబడకపోయినా పదిహేనేళ్లు నిండితే పిల్లని బాలిగ్‌గానే లెక్కపెట్టాలని హనఫీ ఫత్వా. నమాజు ఫర్జ్ అవుతుంది, రోజా ఫర్జ్ అవుతుంది, ఆమె ఆస్తికి ఆమే హక్కుదారు అవుతుంది. అల్లా దగ్గర పూర్తి మనిషిగా లెక్కలోకి వచ్చిన పిల్ల మన మొహల్లాలో మాత్రం రాదు.

తర్వాత జరిగేది అందరికీ తెలుసు. తావీజులు కడతారు. దర్గాకి తీసుకుపోయి మన్నత్ పెడతారు. హకీం కషాయం పోస్తాడు. ఏ గొట్టమూ లేనిచోట రక్తాన్ని దింపుతానంటాడు. చివరికి ఇంట్లో పెద్ద తలకాయ ఒకటి తీర్పు చెబుతుంది. "షాదీ కర్ దేవ్, సబ్ ఠీక్ హోజాతా." జోడే కీ రఖమ్ మాట్లాడుకుంటారు. అప్పు తెచ్చి కడతారు. నికాహ్ అవుతుంది. మొదటి రాత్రి ఏం జరుగుతుందో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు, తన ఒంట్లో ఏం లేదో అసలే చెప్పరు. నొప్పితో అరిస్తే నఖ్రాలంటారు. వారం తిరక్కుండా ధోకా చేశారంటూ పుట్టింటి గుమ్మంలో దింపేసి పోతారు. పంచాయితీలో పెద్దలు కూర్చుంటారు. పదిమంది మగవాళ్ల మధ్య ఒక పిల్ల యోని లోతు గురించి చర్చ జరుగుతుంది. ఇజ్జత్ కోసం బురఖా వేయించిన వాళ్లే ఆ చర్చ చేస్తారు. జోడే కీ రఖమ్ తిరిగి రాదు. తాకకముందే తలాక్ ఇచ్చినా సగం మెహర్ ఇవ్వాలని సూరా బఖరా చెబుతుంది. ఆ సగం కూడా రాదు. దస్తర్‌ఖాన్ ముందు ఖురాన్ చదివేవాడికి ఆ ఆయత్ మాత్రం నోటికి రాదు.

పైగా ఒక తిట్టు. హిజ్రా అంటారు, కొజ్జా అంటారు. ఇందులో అబద్ధమూ ఉంది, అన్యాయమూ ఉంది. ఈ పిల్ల ఒంట్లో, క్రోమోజోముల్లో, హార్మోన్లలో మగ లక్షణం ఏదీ లేదు కనుక అది అబద్ధం. హిజ్రాలు కూడా అల్లా పుట్టించిన మనుషులే అయి ఉండగా వాళ్ల పేరు తిట్టుగా వాడటం అన్యాయం. ఒకరిని కించపరచడానికి ఇంకొకరిని రాయిలా విసిరే అలవాటు మనది.

ఇప్పుడు దీన్ మాటకొద్దాం. ఎందుకంటే ఈ దుర్మార్గమంతా దీన్ పేరు మీదే నడుస్తోంది.

మన ఫుఖహాలకు ఈ సంగతి వెయ్యేళ్ల కిందటే తెలుసు. దారి మూసుకుపోయిన ఆడదాన్ని రత్ఖా అన్నారు, అడ్డం ఉన్నదాన్ని ఖర్నా అన్నారు. పుస్తకాల్లో బాబ్‌లకు బాబ్‌లు రాశారు, సిగ్గుపడలేదు. మాలికీ, షాఫయీ, హంబలీ మజ్హబ్‌లు ఆ కారణంతో భర్త నికాహ్ రద్దు చేసుకోవచ్చన్నాయి. మనలో ఎక్కువమంది నడిచే హనఫీ మజ్హబ్ ఆ హక్కు ఇవ్వలేదు. పైగా ఆమెకు నఫఖా ఇవ్వాలంది. ఇది ఆడవాళ్ల మీద ప్రేమతో చెప్పింది కాదని నాకు తెలుసు. తలాక్ చేతిలో ఉన్నవాడికి వేరే దారి ఎందుకన్నదే వాళ్ల వాదన. అయినా ఒక మాట గమనించాలి. ఆమెను బీవీ కాదని వాళ్లు అనలేదు, ఔరత్ కాదని అనలేదు. సూరా తలాక్ నాలుగో ఆయత్‌లో ఇద్దత్ లెక్క చెబుతూ, బహిష్టు ఆగిపోయిన ఆడవాళ్లతో పాటు బహిష్టు రాని వాళ్లకు కూడా మూడు నెలలని ఉంది. నెల రాని ఆడదానికి కితాబులో చోటుంది. మన కాలనీలో లేదు.

సూరా షూరా చివర్లో అల్లా తను తలచినవారికి కూతుళ్లనిస్తాడని, తలచినవారికి కొడుకులనిస్తాడని, కొందరికి ఇద్దరినీ ఇస్తాడని, కొందరిని పిల్లలు లేనివారిగా చేస్తాడని ఉంది. నలుగురినీ ఒకే వరసలో నిలబెట్టింది ఖురాన్. నాలుగోవారిని వరసలోంచి లాగేసింది మనం.

ఇక మౌల్వీ సాబ్‌లు తీసే హదీస్ ఒకటుంది. ప్రేమించే దాన్ని, పిల్లల్ని బాగా కనేదాన్ని పెళ్లాడమన్నది. జుమ్మా బయాన్‌లో మైకు పగిలేలా చెబుతారు. సరే. అయితే హజ్రత్ ఆయిషా మాటేమిటి? ఆమెకు పిల్లలు లేరు. అయినా ఆమె ఉమ్ముల్ మోమినీన్, మోమినులందరి తల్లి. తన తోటివాళ్లందరికీ ఫలానావాడి తల్లి అన్న పేరుంది, నాకు లేదని ఆమె అడిగితే, అక్క కొడుకు అబ్దుల్లా పేరు పెట్టుకోమని చెప్పారు రసూలుల్లా. ఆమె ఉమ్మె అబ్దుల్లా అయ్యారు. ఆమె నోటి నుంచి మనకు చేరిన హదీసులు 2,200 పైచిలుకు. సగం దీన్ ఆమె చెబితేనే మనకు తెలిసింది. కనని ఆడది ఖౌముకు తల్లి కావచ్చని ఖౌము పుట్టుకలోనే ఉంది. అది మరచి బాంజ్ మొహం పొద్దున్నే చూడకూడదనే వాళ్లు ఏ దీన్‌లో ఉన్నారో వాళ్లే చెప్పాలి.

ఇంకో లెక్క చూడండి. మగవాడు కాపురానికి పనికిరానివాడైతే ఫిఖ్‌లో ఇన్నీన్ అంటారు. వాడికి ఖాజీ ఏడాది గడువిస్తాడు. నాలుగు రుతువులు గడవాలి, ఏ రుతువులోనైనా బాగుపడతాడేమో చూడాలి. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా దీన్ని అలాగే ఉంచింది. పెళ్లినాటి నుంచీ భర్త నపుంసకుడని భార్య కోర్టుకెక్కితే, అతను అడిగితే చాలు, తను బాగయ్యానని రుజువు చేసుకోవడానికి కోర్టు ఏడాది టైమివ్వాలి. మగవాడికి ఏడాది. మన పిల్లకు ఒక్క రాత్రి. ఇందులో ఘోరమేమిటంటే మగవాడు ఏడాదిలో బాగుపడతాడో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఈ పిల్ల విషయంలో ఏడాది నిజంగానే సరిపోతుంది. డైలేటర్ అనే సాధనంతో, కోత లేకుండా, కొన్ని నెలల్లో యోని లోతు పెంచుకోవచ్చు. పద్ధతి తెలిసినవాళ్లు నేర్పి, ధైర్యం చెబితే నూటికి 90 మందికి పైగా ఫలితం ఉంటుంది. అది కుదరనప్పుడే ఆపరేషన్. అది కూడా పిల్ల పెరిగి, తనంతట తను కావాలనుకున్నప్పుడు. పెళ్లికి ముందు నెలలో అత్తవారి కోసం గబగబా చేయించేది కాదు. కాపురం ఎవరి కోసమో ఒంటిని తయారు చేసిపెట్టడం కాదు కదా.

ఇది సాయిబుల గొడవ అని పక్కన కూర్చుని వింటున్న హిందూ మిత్రులు కూడా కాస్త వినాలి. పిల్లలు కనని భార్యను ఎనిమిదో ఏట పక్కనపెట్టి మరొకతెను చేసుకోవచ్చని చెప్పింది మనుస్మృతి. సంసారానికి అసమర్థత వల్ల కాపురం జరగకపోతే పెళ్లిని రద్దు చేయించుకోవచ్చని 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ఇప్పటికీ చెబుతోంది. గొడ్రాలిని శుభకార్యానికి పిలవని ఇళ్లు, సీమంతంలో ఆమె నీడ పడనివ్వని ఇళ్లు మీ వీధిలోనే ఉన్నాయి. 8 వేల మందిలో 7 వేల మంది మీ బిడ్డలే. కాబట్టి మా మౌల్వీని చూసి నవ్వే ముందు మీ పురోహితుడి వైపు కూడా ఒకసారి చూడండి.

అసలు ముస్లిం ఆడదాని గర్భసంచి ఈ దేశంలో ఒక రాజకీయ వస్తువు. "హమ్ పాంచ్, హమారే పచ్చీస్" అని వేదికలెక్కి వెక్కిరించారు. మన ఆడవాళ్లు పిల్లల్ని కనే మిషన్లన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వేరే సంగతి చెబుతున్నాయి. 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలుంటే 2019-21 నాటికి 2.4కి దిగింది. హిందూ స్త్రీకి అదే కాలంలో 3.3 నుంచి 1.9కి. అందరూ తగ్గించుకుంటున్నారు, మన వాళ్లు ఎక్కువగా తగ్గించుకున్నారు. నలుగురు పెళ్లాల సంగతీ అంతే. 2019-21 సర్వేలో భర్తకు మరో భార్య ఉందన్న ముస్లిం స్త్రీలు 1.9 శాతం, హిందూ స్త్రీలు 1.3 శాతం. ఈ అంకెలు ఆ వేదికల మీద ఎవరూ చదవరు. వాళ్లకు మన ఆడవాళ్ల గర్భసంచి భయపెట్టడానికి కావాలి.

మరి మనవాళ్లు ఏం చేశారు? ఆ వెక్కిరింపుకు జవాబుగా ఉమ్మత్‌ను పెంచండి అన్నారు. వాళ్లు భయంగా చూసినదాన్ని మనవాళ్లు హత్యార్‌గా చూశారు. శత్రువు, మిత్రుడు ఇద్దరూ చూసింది సంచినే, మనిషిని కాదు. ఆ సంచి లేని ముస్లిం ఆడపిల్ల అందుకే ఇద్దరికీ కనబడదు. వాళ్ల జనాభా లెక్కలో ఆమె భయం కాదు. మన లెక్కలో బలం కాదు. అస్తిత్వ ఉద్యమాలు అంచుల్లో ఉన్నవాళ్ల గొంతు అని చెప్పుకుంటాం. అంచుకు కూడా అంచున ఉన్నది ఈ పిల్ల.

సెక్యులర్ మిత్రులతో రెండు మాటలు. ముస్లిం స్త్రీ అంటే మీకు గుర్తొచ్చేది తలాక్. 2017లో సుప్రీంకోర్టు ట్రిపుల్ తలాక్ చెల్లదన్నప్పుడు, 2019లో దానికి మూడేళ్ల జైలుతో చట్టం వచ్చినప్పుడు టీవీల్లో, పత్రికల్లో మన ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించారు. మంచిదే. మూడు తలాక్‌ల తీర్పుకు నా అభ్యంతరం లేదు. కానీ ఆ తలాక్ ముందు, ఆ గదిలో, ఆ పిల్లకు ఏం తెలియక ఏం జరిగిందో ఒక్కరూ అడగలేదు. ఆమెకు కావాల్సింది మొగుడికి జైలు ఒక్కటే కాదు. పద్నాలుగో ఏట ఒక మంచి డాక్టరు. ఆ డాక్టరు చెప్పేది ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పే ఒక మనిషి.

ఆ భాష సంగతి నేనెరుగుదును. సర్కారీ దవాఖానాల్లో బురఖా వేసుకున్న పిల్ల వస్తే సగం మాట ఇంగ్లీషులో, సగం తెలుగులో పడేస్తారు. "యుటెరస్ లేదమ్మా, పిల్లలు పుట్టరు" అని పదిమంది వినేలా ఒక కేక. అంతే, కౌన్సెలింగ్ అయిపోయినట్టే. చదువుకునే డాక్టర్లు కేసు భలే దొరికిందని చుట్టూ మూగుతారు. ఆమె అమ్మీకి ఉర్దూలో చెప్పాలంటే ఏ మాట వాడాలి? ఉర్దూలో జననాంగాన్ని షర్మ్‌గాహ్ అంటాం, సిగ్గు ఉండే చోటు అని. తెలుగులో మర్మాంగం, రహస్యమైన చోటు. సిగ్గు, రహస్యం తప్ప వేరే మాట ఇవ్వని రెండు భాషల మధ్య ఆ పిల్ల నోరు మూసుకుని నిలబడుతుంది. వార్డుల్లో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ఆడ కౌన్సెలర్లు ఉండాలని అడగడం మైనారిటీ సంతుష్టీకరణ కిందికి వస్తుందా?

ఈ రెండు రాష్ట్రాల్లో గర్భసంచి మీద ఉన్న గౌరవం కూడా చూడండి. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. పిల్లలు పుట్టాక కూలి చేసుకునే ఆడదాని గర్భసంచి ఎవరికీ అక్కర్లేదు. కోసి పారేయవచ్చు, బిల్లు కూడా రాసుకోవచ్చు. పెళ్లికి ముందు లేకపోతే మాత్రం ఆమె మనిషే కాదు. అంటే గౌరవం గర్భసంచికి కూడా కాదు. అది మొగుడి వంశానికి పనికొచ్చినన్నాళ్లే దానికి విలువ.

"ఇప్పుడు సైన్సు పెరిగింది కదా, గర్భసంచి కూడా మార్చుతున్నారు కదా" అంటారు కొందరు. నిజమే. మనిషికి గర్భసంచి మార్చే ప్రయత్నం 2000లో జరిగింది సౌదీ అరేబియాలో, జెద్దాలో. కాన్పులో రక్తం పోయి గర్భసంచి పోగొట్టుకున్న స్త్రీ ఆమె. 99 రోజులకు తీసేయాల్సి వచ్చింది. 2011లో టర్కీలో గర్భసంచి లేకుండా పుట్టిన యువతికే అమర్చారు. చాలా ఏళ్ల తర్వాత, 2020లో ఆమెకు బిడ్డ పుట్టింది. మొదటి కాన్పు మాత్రం 2014లో స్వీడన్‌లో జరిగింది, ఆ తల్లి కూడా ఎంఆర్‌కెహెచ్ ఉన్నదే. 2017లో మన దేశంలో పుణేలో మొదలుపెట్టారు. జెద్దాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ అయితే 1990లోనే తీర్మానం చేసింది. వంశ లక్షణాలను మోసే అండాశయాలు, వృషణాల మార్పిడి కూడదని, లక్షణాలు మోయని లోపలి జననావయవాలకు అవసరమైతే అడ్డు లేదని. మన గల్లీ మౌల్వీ కంటే జెద్దా ముందుంది.

అయినా ఇది జవాబు అని నేననను. పెద్ద ఆపరేషన్లు, ఏళ్ల తరబడి మందులు, ఇంకో ఆడదాని ఒంటి మీద కత్తి. ఆటో నడుపుకునే వాడి బిడ్డకు అందేది కాదు. అందినా, "సంచి పెట్టించుకుని రా, అప్పుడు ఔరత్‌వి" అనడమే అయితే అది పాత మాటే, కొత్త గౌను వేసుకుంది. కావాలనుకున్న ఆడది చేయించుకోవాలి. వద్దనుకున్నది వద్దనాలి. ఆ రెండో హక్కు ముందు కావాలి.

సరోగసీ ఉంది కదా అంటారు. ఆమె అండాశయాలు మంచివే కనుక ఆమె అండంతో ఇంకొకరు మోయవచ్చు. 2021 చట్టం డబ్బుకు మోయించడాన్ని ఆపేసింది, గర్భసంచి లేనివాళ్లకు వీలుంచింది. ఎంఆర్‌కెహెచ్ ఉన్న ఒక స్త్రీ కోసమే 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, దాత అండం కూడదన్న నిబంధనను పక్కనపెట్టింది. తర్వాత 2024లో ప్రభుత్వం ఆ నిబంధనను సడలించింది. కానీ ఎన్నడూ పెళ్లి కాని ఆడదానికి ఈ చట్టంలో చోటు లేదు. బిడ్డను కనలేదని మనం పెళ్లి కానివ్వం. పెళ్లి కాలేదని చట్టం బిడ్డను ఇవ్వదు. రెండు తలుపులూ ఒకే గొళ్లెంతో మూశారు. సున్నీ ఉలేమాల్లో ఎక్కువమంది సరోగసీ కూడదన్నారు, ఆ వాదన వాళ్లు చేసుకోనివ్వండి. కానీ కఫాలత్‌ను ఎవరూ కాదనలేదు. అనాథను తెచ్చి పెంచడం సవాబ్ అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు ముస్లింలు కూడా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని చెప్పింది. అది తీసుకోవాలా, కఫాలత్‌గానే ఉంచుకోవాలా అన్నది ఆ దంపతుల ఇష్టం. దారులు లేవని మాత్రం ఎవరూ చెప్పకండి.

నాకు రాబోయే జవాబులు నాకు తెలుసు. మొదటిది, ఇంటి గుట్టు బయట పెడుతున్నావు, ఆర్‌ఎస్‌ఎస్ వాళ్ల చేతికి కర్ర ఇస్తున్నావు అని. ఈ మాట విని విని చెవులు గట్టిపడ్డాయి. వాళ్ల చేతిలో కర్రలకు కొదవేం లేదు, నా వ్యాసం కోసం ఎదురుచూడటం లేదు. శత్రువు నవ్వుతాడని ఇంట్లో బిడ్డ ఏడుపు గొంతు నొక్కేసే ఖౌము ఏ ఖౌము? రెండోది, మగవాడివి, ఆడవాళ్ల ఒంటి సంగతి నీకెందుకు అని. ఆ పిల్లను గుమ్మంలో దింపిపోయేది మగవాడు. పంచాయితీలో కూర్చునేది మగవాడు. సబ్ ఠీక్ హోజాతా అని పెళ్లి చేసేది మగవాడు. అప్పుడు లేని సిగ్గు మాట్లాడేటప్పుడు ఎందుకు? మూడోది, ముందే చెప్పకుండా పెళ్లి చేయడం ధోకా కాదా అని. ధోకాయే. నేనూ ఒప్పుకుంటాను. నికాహ్‌కు ముందు చేసుకోబోయేవాడికి చెప్పాలి, ఆ పిల్ల తన నోటితో చెప్పాలి. అతను సరేనంటే అది ఇద్దరి సంగతి, మొహల్లా సంగతి కాదు. కానీ చెప్పాలంటే ముందు ఆమెకు తెలియాలి కదా. తెలిశాక చెప్పే ధైర్యం ఉండాలి కదా. చెబితే ఇంట్లో మిగతా చెల్లెళ్ల రిష్తాలు తెగిపోవన్న భరోసా ఉండాలి కదా. ఆ భరోసా ఇవ్వాల్సింది ఎవరు? ధోకా అని అరిచే మీరే.

చేయాల్సినవి పెద్ద పనులేం కాదు. పదిహేనేళ్లు వచ్చినా బహిష్టు రాకపోతే తావీజు కాదు, పరీక్ష. కడుపు స్కానింగ్, కావాలంటే ఎంఆర్ఐ, రక్తపరీక్ష, కిడ్నీలు కూడా చూడటం. నెల రాని ప్రతి పిల్లదీ ఇదే సమస్య కాదు. కొందరికి పొర అడ్డం వచ్చి రక్తం లోపలే నిలిచిపోతుంది, చిన్న కోతతో పోతుంది. ఆలస్యం చేస్తే ప్రమాదం. అది తేల్చేది డాక్టరు, ఫుప్పూ కాదు. మదర్సాలో తహారత్ పాఠం చెప్పే ఆపాలు హైజ్ గురించి చెప్పేటప్పుడు, రానివాళ్లు కూడా ఉంటారు, వాళ్లూ మనవాళ్లే అని ఒక్క వాక్యం కలపాలి. నికాహ్ చదివే ఖాజీ జోడే కీ రఖమ్ లెక్క చూసినంత శ్రద్ధగా ఆడపిల్ల ఖుబూల్ వెనక ఏముందో కూడా చూడాలి. పంచాయితీ పెద్దలు ఆమె ఒంటి గురించి నోరు మూసుకుని, ఆమె మెహర్ గురించి నోరు తెరవాలి. రాసేవాళ్లం మనం, బాంజ్, గొడ్రాలు అనే మాటల్ని మన కవితల్లోంచి, కథల్లోంచి, హెడ్డింగుల్లోంచి తీసిపారేయాలి. గొడ్డుపోయిన నేల, గొడ్రాలైన చరిత్ర అని విప్లవ కవిత్వంలో కూడా రాసుకున్నాం.

ఆ 800 మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. బేటీ, 30 రోజాలూ ఉండు. దాచుకోకు. అవి నీ రోజాలు, ఎవరికీ ఖజా బాకీ లేనివి. నీకు లేనిది కండతో చేసిన రహిమ్. అది నీ తప్పు కాదు, నీ లోపం కూడా కాదు. నిన్ను గుమ్మంలో దింపిపోయిన వాళ్లకు లేనిది అదే మూడక్షరాల రెండో మాట. దాన్ని అమర్చే ఆపరేషన్ మాత్రం జెద్దాలోనూ లేదు, పుణేలోనూ లేదు. ఎవరికి వాళ్లే పెంచుకోవాలి.